ఎక్కువ పెట్టి కొన్న డీజిల్ బండి

మోరో నదికి ఉత్తరాన, మా వైపు, ఎవరి దూడల్ని వేలానికి తోలాలన్నా వెండెల్ ఓస్బీకే ఫోను వెళ్ళేది. సొంత ట్రైలర్లున్నవాళ్ళు కూడా అతన్నే పిలిచేవాళ్ళు. పశువుల్ని అరిచి అదిలించకుండా ఎక్కిస్తాడు. మలుపుల్లో ట్రైలర్ ఊగనివ్వడు. డబ్బివ్వబోతే చేతులు జేబుల్లో పెట్టుకుంటాడు. మరీ బలవంతం చేస్తే వేలం దగ్గరి క్యాంటీనులో బీఫ్ శాండ్‌విచ్ ఒకటి తింటాడు. అందులోనూ సగం పొట్లం కట్టించుకుని భార్య మార్లిస్‌కి పట్టుకెళ్తాడు.

అరవై దాటాయి. పొద్దున్నే నడుం మాట వినేది కాదు గాని, గుర్రం మీదకన్నా బండి సీట్లోనే నిటారుగా కనిపించేవాడు. బండి తోలడం తండ్రి హార్లన్ దగ్గర నేర్చుకున్నాడు. హార్లన్‌కి ధాన్యం తోలే పాత డీజిల్ లారీ ఒకటుండేది. దాని విషయంలో ఆయనకి ఒకే ఒక నియమం. బరువు లాగి వచ్చిన డీజిల్ ఇంజిన్ని వెంటనే ఆపకూడదు. దిగి, పొగాకు పైపు వెలిగించుకుని, ఆ పైపు ఆరిపోయేదాకా ఇంజిన్ని అలాగే స్టార్టింగ్‌లో ఉంచాలి. లోపలి వేడి నెమ్మదిగా దిగాలి. పదమూడేళ్ళప్పుడు ఒకసారి వెండెల్ ఎత్తెక్కి వచ్చిన లారీని టక్కున ఆపేశాడు. హార్లన్ కొట్టలేదు. రాత్రి భోజనం బల్ల దగ్గర అందరి ముందూ, "ఈవేళ వీడు నా ఇంజిన్ని చంపబోయాడు," అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత వెండెల్ ఏ బండినీ వెంటనే ఆపలేదు. పెట్రోల్ బండిని కూడా కాసేపు గుర్రుమననిచ్చి ఆపేవాడు. చూసి మేం నవ్వుకునేవాళ్ళం.

అతని పాత పెట్రోల్ పికప్ గేర్‌బాక్సు పాడైన వసంతంలో, రైతుల సొసైటీ ఆఫీసులో, కొత్తగా ఏ బండి కొనాలన్నదాని మీద పెద్ద వాదనే జరిగింది. పొద్దున్నే అక్కడ కాఫీకి చేరడం, తోలు గ్లాసులో పాచికలు గిలకరించి ఓడినవాడి చేత అందరి కాఫీకీ డబ్బు కట్టించడం మాకు అలవాటు. ఆ రోజు పాచికలు రూబెన్ ష్నైడర్ చేతిలో ఉన్నాయి. వెండెల్‌కి తూర్పు హద్దు ఆయనదే. వెండెల్ కన్నా పదేళ్ళు పెద్ద. భార్య అల్విన పోయాక ఒంటరిగా ఆవుల్ని చూసుకుంటున్నాడు.

"పెట్రోల్‌దే తీసుకోరా. తాళం తిప్పితే లేస్తుంది. జనవరిలో డీజిల్ బండికి దుప్పటి కప్పి, పక్కన కూర్చుని జోల పాడుకోవాలి," అన్నాడు రూబెన్.

"పోయినేడు నీ పెట్రోల్ బండి నది గట్టెక్కలేక ఏడిస్తే వచ్చి లాగిందెవరు?" అన్నాడు వెండెల్.

"నువ్వే. అప్పుడు నీదీ పెట్రోలేగా!"

అందరూ నవ్వారు. సొసైటీ మేనేజర్ డ్వైట్ కాఫీ పోస్తూ, "డీజిల్‌కి పదివేల డాలర్లు ఎక్కువట కదా. మామూలు మనిషికి దండగే. కానీ ఇతను మామూలు మనిషి కాదుగా, జిల్లాలో ఉన్న పశువులన్నిటికీ సొంత డ్రైవరు," అన్నాడు. మా మంటలార్పే దళానికి పెద్ద కూడా డ్వైటే. జీతం లేని కొలువు. జులై వస్తే చాలు, ప్రతివాడి పికప్ వెనకా నీళ్ళ ట్యాంకు, పంపు ఎక్కాయో లేదో చూసి పోతాడు. పొగ లేస్తే మా దగ్గర ఫైరింజన్ వచ్చేదాకా ఆగే పని లేదు. చూసినవాడు చూసినట్టే పోతాడు.

"ట్యాంకు నిండా నీళ్ళుంటే పెట్రోల్ బండి కుక్కలా కూలబడుతుంది. డీజిల్ అయితే ట్యాంకూ మోస్తుంది, ట్రైలరూ లాగుతుంది," అన్నాడు వెండెల్.

"తీసుకో మరి. నీ డబ్బు, నీ పెళ్ళాం," అన్నాడు రూబెన్ పాచికలు బోర్లిస్తూ.

ఆ పెళ్ళాంతోనే కష్టం వచ్చింది. ఓస్బీల ఇంట్లో బట్టల మిషను నేల కింద గదిలో ఉంటుంది. మెట్లు నిటారు. మార్లిస్ మోకాళ్ళు అరిగిపోయి బట్టల బుట్టతో ఒక్కో మెట్టూ కూర్చుని దిగినట్టు దిగేది. వంటింటి పక్క వరండా మూసి అక్కడికి మిషను మార్చాలని ఇద్దరూ అనుకుని కొంత డబ్బు పక్కన పెట్టారు. డీజిల్‌కయ్యే తేడా దాదాపు అంతే.

"ఏడాదిలో నువ్వు బరువు లాగేది ఎన్నాళ్ళు?" అని అడిగింది మార్లిస్. "మిగతా అంతా గేటు దాకా పోవడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. దానికి ఈ రాక్షసి ఎందుకు?"

"లాగిన ఆ నాలుగు రోజులే కదా ముఖ్యం."

"నాకు బట్టలు రోజూ ఉంటాయి వెండెల్."

ఆమె మర్నాడు తనే, "వరండా ఎక్కడికీ పోదులే. వచ్చే ఏడు చూద్దాం," అంది. నలభై ఏళ్ళ కాపురంలో అతను తన కోసమని అడిగినవి చాలా తక్కువ. ఆ సంగతి ఆమెకి తెలుసు.

బండి అప్పగించేటప్పుడు షోరూం మెకానిక్ కొత్త డీజిల్ సంగతులు చెప్పాడు. సైలెన్సర్‌లో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడల్లా బండి తనంతట తనే ఆ మసిని తగలబెట్టుకుంటుంది. అప్పుడు అద్దం ముందు అక్షరాలు వెలుగుతాయి. అవి ఆరేదాకా రోడ్డు మీద పోతూ ఉండాలి. "మధ్యలో ఆపితే కింద కొలిమే అనుకోండి. ఎండుగడ్డిలో మాత్రం నిలపకండి. దగ్గరి దగ్గరి తిరుగుళ్ళకి ఇది ఊరికే నిండుతుంది, మీరు ఎక్కువ లాగుతారుగా, ఫర్వాలేదు," అన్నాడతను. వెండెల్ తలూపాడు. డాక్టరు ఉప్పు తగ్గించమంటే ఎలా ఊపుతాడో అలాగే.

ఆ వేసవంతా అతను సంతోషంగా ఉన్నాడు. నిండు ట్రైలర్‌తో నది గట్టు ఎక్కి వచ్చి సొసైటీ దగ్గర దిగి, టోపీ వెనక్కి నెట్టి, ఇంజిన్ గుర్రుమంటుంటే పక్కనే నిలబడేవాడు. రూబెన్ చెవులు మూసుకుని, "ఆపరా బాబూ, నా పళ్ళు ఊడుతున్నాయి," అని అరిచేవాడు.

ఆగస్టులో వెండెల్ ఆబోతు కంచె తెంచుకుని రూబెన్ పెయ్యల్లో పడింది. దాని పేరు సెనేటర్. తినడం, రంకె వేయడం తప్ప వేరే పని చెయ్యదని మార్లిస్ పెట్టిన పేరు. రూబెన్ ఆ పూట దంతాల డాక్టరు దగ్గరికి పట్నం వెళ్ళాడు, చెల్లెలి కారులో. వెండెల్ ట్రైలర్ తగిలించుకుని రూబెన్ బీట్లోకి దిగాడు. అది ఆయన చలికాలం మేత కోసం వేసవంతా ఆ కొద్దిపాటి పెయ్యల్ని తప్ప పశువుల్ని దింపకుండా దాచుకునే బీడు. గడ్డి మోకాలు దాటి, ఎండి, పచ్చగా కాకుండా బంగారు రంగు తేలి ఉంది. ఆబోతును ఎక్కించడానికి అట్టే కష్టపడలేదు. దాన్ని లాక్కుంటూ ఇసుక దిబ్బ ఎక్కేటప్పుడు బండి గట్టిగా శ్రమపడింది. దిబ్బ దిగుతుంటే అద్దం ముందు అక్షరాలు వెలిగాయి. ఫిల్టర్ శుభ్రమవుతోంది, బండి ఆపవద్దు.

అంతకుముందు చాలాసార్లు వెలిగాయి అవి. కంచె దగ్గరికి రాగానే తెగిన తీగలు కనిపించాయి. బాగు చెయ్యకుండా పోతే పెయ్యలు ఇటు వచ్చేస్తాయి. అతను బండి నిలిపాడు. బరువు లాగి వచ్చిన ఇంజిన్. ఆపలేదు. అలాగే స్టార్టింగ్‌లో ఉంచి, శ్రావణం, తీగచుట్ట పట్టుకుని దిగాడు.

రెండో తీగ బిగిస్తుంటే వాసన వచ్చింది. మొదట ఎవరో దూరంగా చెత్త కాలుస్తున్నారనుకున్నాడు. తిరిగి చూసేసరికి బండి కింద నుంచి పొగ. పొగ కింద చిన్న మంట, టోపీతో కొట్టి ఆర్పెయ్యొచ్చు అనిపించేంత. అతను ముందు బండిలోకి దూకాడు. బండినీ వెనకున్న ఆబోతునీ మంట మీద నుంచి తప్పించి కంచె తోసుకుని, పశువులు మేసేసి గడ్డి లేని తన బీట్లోకి తోలి, దిగి, పంపు తాడు లాగాడు. పంపు లేవలేదు. మళ్ళీ లాగాడు. లేచేటప్పటికి నైరుతి గాలి మంటను ఎత్తుకుని దిబ్బ ఎక్కించేసింది.

ఫోను చేసిందీ అతనే. మేం వెళ్ళేటప్పటికి ఒక్కడే పైపు పట్టుకుని మంట పక్కన పరిగెడుతున్నాడు. కనుబొమ్మలు కాలాయి. రూబెన్ ఇంటి వైపు తిరిగిన పాయను ఆపింది అతనే. ఆ ట్యాంకు అంత పెద్దది కాకపోతే, బండి అంత బరువుతో ఆ వాలు మీద నిలవకపోతే ఇల్లు పోయేది. కంకర రోడ్డు దగ్గర ట్రాక్టర్లతో నేల దున్ని మిగతా మంటను ఆపాం. పెయ్యలు తెగిన కంచె దాటి బతికాయి గాని, బీడంతా పోయింది. కోసి చుట్టలు చుట్టి దొడ్లో పేర్చిన గడ్డి వామి పోయింది. ఆ దొడ్లో నిలిపి ఉంచిన రూబెన్ పాత పెట్రోల్ పికప్ చక్రాల రిమ్ముల మీద కూలబడి ఉంది.

డ్వైట్ ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. "నువ్వేగా ముందు చూసింది?"

"అవును," అన్నాడు వెండెల్.

"నిన్న సాయంత్రం ఇటువైపు ఉరిమింది. వాన లేని పిడుగు. ఎక్కడో పేడకుప్పలో రాజుకుని ఇవాళ గాలికి లేచుంటుంది. కాదూ?"

వెండెల్ సీసా ఎత్తి నీళ్ళు తాగాడు. "అయ్యుండొచ్చు," అన్నాడు.

మా వైపు మంట ఎవరి వల్ల అని ఎవరూ అడగరు. గడ్డి కోసే మిషను రాయికి తగిలీ, చక్రం పేలీ, మనలో ఎవరికైనా అది జరగొచ్చు. చేసినవాడు తనే చెప్పుకుంటాడు. అప్పుడు మేం, 'సర్లే, జరిగిందేదో జరిగింది' అంటాం, అతని ఇన్సూరెన్స్ పాలసీ వాళ్ళు వచ్చి చూసి నష్టం ఇస్తారు. ఆ పద్ధతి అడగకపోవడం మీదా, చెప్పడం మీదా నిలబడింది. వెండెల్‌కి అది మాకన్నా బాగా తెలుసు.

మార్లిస్ హామ్ శాండ్‌విచ్‌లు తెచ్చి అందరికీ పంచింది. ఇంటికి పోయాక అతను స్నానం చేసి వచ్చి బల్ల దగ్గర కూర్చుంటే, ఆమె గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండా అడిగింది.

"కంచె తెగిన చోటే మొదలైందట కదా."

"ఆ పక్కన."

"నువ్వు అక్కడే ఉన్నావు."

అతను రుమాలు మడతపెట్టసాగాడు.

"బండి స్టార్టింగ్‌లోనే ఉంచావా?"

ఆమె కొళాయి కట్టేసింది. అతను రుమాలు విప్పి మళ్ళీ మడిచాడు.

"మీ నాన్న," అంది మార్లిస్. అంతవరకే అంది.

కాసేపటికి వచ్చి ఎదురుగా కూర్చుంది. "చెప్తే మన పాలసీ వాళ్ళు ఇవ్వాలి. ఇస్తారేమో. బండి ఆపొద్దని రాసినా ఆపాడు, గడ్డిలో ఆపాడు అని పేచీ పెడితే మన భూమి మీదికి వస్తుంది."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే రూబెన్ ఆవులు. వామికి పాలసీ కట్టడం ఆయన ఎప్పుడో మానేశాడు. పిడుగుకి ఎవరిస్తారు ఆయనకి?"

"డ్వైట్‌తో అనేశాను మార్లిస్. అయ్యుండొచ్చు అని."

"విన్నాను." ఆమె అతని కాలిన కనుబొమ్మల వంక చూసింది. "నేను చెప్పమనను. చెప్పొద్దనీ అనను. నా నోటితో మాత్రం పిడుగు అనను."

ఆ మాట అనాల్సిన అవసరం రాకుండా ఆమె ఆ నెలంతా చర్చి తర్వాత కాఫీకి ఆగలేదు. మోకాళ్ళు నెప్పి అని వెళ్ళిపోయేది. మేం నమ్మాం.

వెండెల్ గడ్డి తోలడం మొదలుపెట్టాడు. ఎవరికైనా వామి కాలితే తలా కొన్ని చుట్టలు ఇవ్వడం మా దగ్గర మామూలే. ఆ ఏడు వానలు లేక ఎవరి దగ్గరా ఎక్కువ లేదు. ఎవరో నాలుగు, ఎవరో పది. వాటికోసం అతను జిల్లా దాటి కూడా వెళ్ళాడు. బల్ల లాంటి చదును ట్రైలర్ మీద చుట్టలు రెండు వరసలు పేర్చి లాక్కొచ్చి, రూబెన్ దొడ్లో దింపి, మళ్ళీ పోయేవాడు. రూబెన్ అతన్ని భోజనానికి కూర్చోబెట్టకుండా పంపేవాడు కాదు. తనే వండిన పిండిముద్దల సూపు, కొట్లో కొన్న రొట్టె.

"తినరా. నీ భార్య నన్ను తిడుతుంది, మొగుణ్ణి మాడ్చి చంపానని."

"తింటున్నానుగా."

"ఏం తింటున్నావు, చెంచాతో ఈత కొడుతున్నావు." రూబెన్ గిన్నె ముందుకు తోశాడు. "నువ్వు ఆ పూట నా కంచె కోసం ఆగబట్టి ఇల్లు దక్కింది. లేకపోతే ఈ సూపు నీ ఇంట్లో తాగుతూ ఉండేవాణ్ణి, నీ పైజమా తొడుక్కుని."

వెండెల్ లేచి కిటికీ దగ్గరికి పోయి కాఫీ పోసుకున్నాడు.

సెప్టెంబరు వచ్చేసరికి లెక్క తేలిపోయింది. తెచ్చిన గడ్డి మంచు పడేదాకా కూడా రాదు. కొందామంటే ధర ఆకాశంలో ఉంది. రూబెన్ సగం ఆవుల్ని అమ్మెయ్యాలనుకున్నాడు. ముసలివి కాదు, మంచి వయసువి. వాటికే ధర పలుకుతుంది. వాటి తల్లుల్నీ, తల్లుల తల్లుల్నీ ఆయనా ఆయన భార్యా ఏరి ఏరి పెంచారు. కంచె పక్కన నిలబడి ఏ ఆవు ఏ ఆవు కూతురో చెప్పగలడు ఆయన.

"ఇంకొన్నాళ్ళు ఆగరాదూ?" అన్నాడు వెండెల్.

"దేనికి? పైనుంచి గడ్డి రాలుతుందా?" అన్నాడు రూబెన్. "నా బండి బూడిదైపోయింది. నువ్వే తోలిపెట్టాలి."

వేలం రోజు పొద్దున్నే వెండెల్ పెద్ద ట్రైలర్ తెచ్చాడు. ఇద్దరూ మాట లేకుండా ఆవుల్ని విడదీశారు. రూబెన్ గేటు దగ్గర, వెండెల్ లోపల. ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని. ఒకరు గడ్డం ఎగరేస్తే రెండోవాళ్ళకి ఏ ఆవో తెలుస్తుంది. ఎక్కినవాటిలో ఒక ఎర్రావు తల వెనక్కి తిప్పి అరిచింది. రూబెన్ దాని నడ్డి మీద అరచెయ్యి ఆనించి తలుపు వేశాడు.

దారి పొడుగునా రూబెన్ హుషారుగానే ఉన్నాడు. ఉన్నట్టు కనిపించాడు. ఎవరెవరు కొంటారో, క్యాంటీనులో ఏం తినాలో మాట్లాడాడు. నది దగ్గరి పెద్ద దిగుడు వచ్చింది. వెండెల్ ఇంజిన్ బ్రేకు మీట నొక్కి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు. ఇంజిన్ ఊపిరి బిగబట్టినట్టు బరువంతా తనే పట్టుకుంది. బ్రేకు తొక్కనక్కర్లేకుండా ట్రైలర్ మెత్తగా దిగింది.

"అబ్బ," అన్నాడు రూబెన్. "నా బండితో ఇక్కడ దిగుతుంటే అల్విన కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేది. బ్రేకులు కమిలిన వాసన వచ్చేది." తర్వాత అసలు మాటకి వచ్చాడు. "పాతదానికి పాలసీ వాళ్ళు కొంత ఇస్తున్నారు. ఆవుల డబ్బులో కాస్త తీసి కలిపితే కొత్తది వస్తుంది. నిన్నే అడగాలనుకుంటున్నా. ఆ డీజిల్‌కి పెట్టే ఎక్కువ డబ్బు, పెట్టొచ్చంటావా? నిజం చెప్పు. సొసైటీలో చెప్పినట్టు కాదు."

"పనిని బట్టి ఉంటుంది," అన్నాడు వెండెల్.

"నా పని నీకు తెలీదా? బీడు, గేటు, కంచె. ఎక్కడం, దిగడం. ఏడాదికి నాలుగుసార్లు ఇలా లాగడం."

వంతెన దాటారు. అవతలి గట్టు మీద, రోడ్డు పనివాళ్ళు కంకర పోసి చదును చేసిన జాగా ఉంది. వెండెల్ బండి అక్కడికి తిప్పి నిలిపాడు. ఇంజిన్ ఆపేశాడు. వెనక ఆవులు కుదుపుకి తడబడి గిట్టలు కొట్టుకున్నాయి.

"ఏమైందిరా? టైరా?"

"కాదు." అతను స్టీరింగ్ వదల్లేదు. "కొనొద్దు రూబెన్. నీ పనికి కొనొద్దు. అది మధ్యమధ్య సైలెన్సర్‌లో మసి తగలబెట్టుకుంటుంది. అప్పుడు గడ్డిలో నిలిపితే అంటుకుంటుంది."

"అయితే నిలపనులే. దానికింత..."

"నేను నిలిపాను."

రూబెన్‌కి వెంటనే అర్థం కాలేదు. "ఎక్కడ?"

"నీ కంచె దగ్గర. ఆబోతును ఎక్కించుకుని వస్తూ. ఆపొద్దని చూపిస్తూనే ఉంది. ఆపి, స్టార్టింగ్‌లో ఉంచి దిగాను. బండి కిందే మొదలైంది."

"కంచె బాగుచేస్తుంటే దూరంగా పొగ కనిపించిందన్నావు కదా."

"అనలేదు. మీరంతా అనుకున్నారు. నేను ఊరుకున్నాను."

"డ్వైట్ పిడుగన్నాడు."

"పిడుగు కాదు. అయ్యుండొచ్చన్నాను. కాదని తెలుసు నాకు."

రోడ్డు మీద ధాన్యం లారీ ఒకటి పోయింది. దాని గాలికి పికప్ ఊగింది. రూబెన్ తలుపు అద్దంలోంచి నది వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన దవడ కదిలింది, కొత్తగా కట్టించుకున్న పన్ను నాలుకతో తడుముకుంటున్నట్టు.

"నెల పైగా నా బల్ల దగ్గర కూర్చుని తిన్నావు," అన్నాడు చివరికి.

"తిన్నాను."

"నేను నీకు థాంక్స్ చెప్తూనే ఉన్నాను. పూటపూటా."

రూబెన్ దిగాడు. ట్రైలర్ పక్కగా నడిచి పోయి, ఇనుప పలకల సందుల్లోంచి లోపలికి చూస్తూ నిలబడ్డాడు. వెండెల్‌కి అద్దంలో ఆయన టోపీ, భుజం మాత్రం కనిపించాయి. చాలా సేపు కదల్లేదాయన. ఒక ఆవు సందులోంచి ముక్కు పెట్టి ఆయన చొక్కా చేతిని వాసన చూసింది. తిరిగి వచ్చి సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

"వెనక్కి తిప్పు," అన్నాడు.

"మార్లిస్ చెప్పింది, మా పాలసీ వాళ్ళు నష్టం ఇస్తారట. వామికీ, బీడుకీ. ఇవ్వకపోయినా నేను..."

"మార్లిస్‌కి తెలుసా?"

"నేను చెప్పలేదు. తనే కనిపెట్టింది. తను పిడుగని ఎవరితోనూ అనలేదు."

రూబెన్ తల ఊపాడు. మార్లిస్ విషయంలో ఆయన మనసు కాస్త కుదుటపడినట్టు అనిపించింది, వెండెల్ విషయంలో మాత్రం కాదు.

"తిప్పమన్నాను కదా. ఎండెక్కుతోంది, ఆవులు ఉక్కిరిబిక్కిరవుతాయి."

వచ్చిన దారినే పోయారు. ఇద్దరూ రూబెన్ గేటు దగ్గర దిగారు. పొద్దుటిలాగే రూబెన్ గేటు దగ్గర, వెండెల్ ట్రైలర్ తలుపు దగ్గర. ఎర్రావు అందరికన్నా ముందు దిగింది. దించడం అయ్యాక వెండెల్ తలుపు మూసి గొళ్ళెం పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఎప్పుడూ ఆ చోట రూబెన్, 'పద, కాఫీ' అంటాడు.

"మీ పాలసీ మనిషి నెంబరు మార్లిస్ దగ్గర ఉంటుందా?" అన్నాడు రూబెన్.

"ఉంటుంది. నేను ఇప్పుడే..."

"ఆమెకే ఫోను చేస్తాను. ఆమెతోనే మాట్లాడతాను." ఆయన గేటు గొలుసు చేతికి చుట్టుకుంటూ అన్నాడు. "డ్వైట్‌కి నువ్వు చెప్పు. ఇవాళే. నాకు సొసైటీలో వాళ్ళ నోటి నుంచి వినపడాలి, నువ్వే చెప్పావని."

"చెప్తాను."

"గడ్డి తేవొద్దిక. వేరేవాళ్ళని పెట్టుకుంటాను."

వెండెల్ బండి ఎక్కాడు. కానీ కదలడానికి వీల్లేకపోయింది. ఇంజిన్ శబ్దం వినగానే దిగిన ఆవులూ, బీట్లో ఉన్న ఆవులూ కలిసి దొడ్డి నుంచి గుంపుగా వచ్చి పికప్‌ను చుట్టుముట్టాయి. ఆ నెలంతా ఆ మోత వస్తే గడ్డి వచ్చేది. అవి వెనక ట్రైలర్ వైపు మెడలు చాచి అరుస్తున్నాయి. ఒకటి బానెట్ మీద గడ్డం ఆనించింది. వెండెల్ హారన్ మీద చెయ్యి పెట్టాడు గాని కొట్టలేదు.

రూబెన్ టోపీ తీసి వాటి ముఖాల ముందు ఊపుతూ, "పోండి, పోండి, ఏమీ లేదు దీంట్లో," అంటూ ఒక్కొక్కదాన్నీ పక్కకి తోశాడు. దారి అయ్యేదాకా తోశాడు. బండి పక్కనుంచి పోయేటప్పుడు ఆయన లోపలికి చూడలేదు. ఎర్రావు మెడ మీద చెయ్యి వేసి దాన్ని పట్టుకుని నిలబడ్డాడు, గేటు దాటేంతవరకు.